ఏసీ గదిలో బాల్ పైథాన్ కుబుసం ముక్కలుగా ఊడుతోంది, తేమ 35 దాటడం లేదు – అనంతపురం

అనంత_సీమ

అందరికీ నమస్కారం. బాల్ పైథాన్ (ఆఫ్రికా జాతి చిన్న కొండచిలువ), ఆడది, వయసు 14 నెలలు, బరువు 720 గ్రాములు. కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించినదే. 90×45×45 సెంటీమీటర్ల గాజు ట్యాంక్, పైన ఇనుప జాలీ మూత. ఒక చివర 75 వాట్ల బల్బు, డిమ్మర్‌తో. వేడి వైపు 33 డిగ్రీలు, చల్ల వైపు 28. అడుగున యాస్పెన్ చెక్కపొట్టు రెండంగుళాలు. నీళ్ల గిన్నె చిన్నది, చల్ల వైపు ఉంది. మధ్యాహ్నం నుంచి గదిలో ఏసీ 27 మీద నడుస్తుంది, పైన ఫ్యాన్ కూడా.

గోడకు అతికించిన ముల్లు హైగ్రోమీటర్ (తేమ కొలిచే మీటరు) మధ్యాహ్నం 30–35 శాతం చూపిస్తోంది. స్ప్రే కొడితే 80కి ఎగబాకి, గంటలోపే మళ్లీ 35కి దిగుతోంది. ఈసారి కుబుసం ఏడెనిమిది ముక్కలుగా వచ్చింది. తోక చివర ఒక సెంటీమీటరు మేర పాత పొర ఉండిపోయింది. కుడి కన్ను ఎడమదానికంటే మసకగా ఉంది.

మూడు సంగతులు తెలియాలి. మిగిలిన పొర తీయడం ఎలా? మన ఎండలకు 60 పైన తేమ నిలవాలంటే ట్యాంక్‌లో ఏమేం మార్చాలి? ఫాగర్ (నీటిని పొగమంచులా ఊదే పరికరం) కొనడం మంచిదేనా?

గండికోట_గెకో

ముందు తోక సంగతి చూడండి, మిగతావి రెండు రోజులు ఆగినా పర్వాలేదు. తోక చుట్టూ మిగిలిన పొర ఎండేకొద్దీ బిగుసుకుంటుంది. ఆ బిగువుకు రక్తం ఆడక కొస నల్లబడి ఎండిపోతుంది. ఒకసారి చచ్చిన కొస మళ్లీ రాదు.

ఆరేడు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి, మూత గట్టిగా పడాలి, పక్కల నాలుగైదు గాలి రంధ్రాలు ఉండాలి. రెండు పాత నూలు తువ్వాళ్లను 29–30 డిగ్రీల నీళ్లలో ముంచి, నీరు కారనంతగా పిండండి. ఒకటి కింద, ఒకటి పైన, మధ్యలో పాము. మూత పెట్టి 30 నుంచి 45 నిమిషాలు. గది 28కి తగ్గకూడదు, ఆ సేపు ఏసీ ఆపేయండి. తొట్టెలో ముంచి ఉంచడం కంటే ఇదే మేలు. నీళ్లలో పాము ఈదీ ఈదీ అలసిపోతుంది, తువ్వాలు మధ్య ముడుచుకుని పడుకుంటుంది, బట్ట రాపిడికే సగం పొర ఊడిపోతుంది.

నీళ్ల వేడి చేత్తో చూసి సరిపెట్టవద్దు, థర్మామీటర్ పెట్టండి. ఈ నెలల్లో మధ్యాహ్నం కుళాయి తిప్పితే డాబా మీది ట్యాంకు నీళ్లు 40 డిగ్రీలు దాటి వస్తాయి. ఆ వేడి పాముకు ప్రమాదం.

బయటకు తీశాక తడి తువ్వాలును చేతిలో వదులుగా పట్టుకుని, అందులోంచి పామును దానంతట అదే ముందుకు పాకనివ్వండి. చివరికి తోక వస్తుంది. అక్కడ రెండు వేళ్ల మధ్య మెత్తగా, కొస వైపు దొర్లించండి. గోరు పెట్టి గీకడం, పట్టి లాగడం వద్దు. పట్టు వదలకపోతే ఆపేసి మర్నాడు మళ్లీ. రోజుకు ఒకసారి మించి చేయవద్దు. కొబ్బరి నూనె, పసుపు, కలబంద గుజ్జు ఏవీ రాయకండి. నూనె పొరను మెత్తబరచదు, పొలుసుల సందుల్లో చెత్తను పట్టి ఉంచుతుంది.

కంటికి మాత్రం చెయ్యి తగలనివ్వవద్దు. పాముకు కనురెప్పలు ఉండవు, కంటి మీద అద్దంలాంటి పొలుసు ఒకటి ఉంటుంది, కుబుసంతోపాటు అదీ ఊడిరావాలి. ఊడిన ముక్కల్లో తల భాగం వెతికి వెలుతురుకు పట్టి చూడండి, రెండు గుండ్రని కంటి పొరలూ ఉన్నాయా? రెండూ ఉంటే మీకు కనిపించే మసక వేరే కారణం. ఒకటే ఉంటే కుడి కంటి పొర మిగిలినట్టు. టేపుతోనో ట్వీజర్‌తోనో దాన్ని లాగబోతే కింది కొత్త పొర కూడా చిరిగి కన్ను పోతుంది. తేమ సరిచేస్తే వచ్చే కుబుసంతో మామూలుగా అదే పోతుంది. రెండు కుబుసాలు దాటినా ఉంటే, లేదా కన్ను ఉబ్బితే, వైద్యుడికి చూపించాలి. ప్రొద్దుటూరులో, తిరుపతిలో పశువైద్య కళాశాలలు ఉన్నాయి, పాములను చూసేవాళ్లు ఉన్నారేమో వెళ్లేముందు ఫోన్ చేసి కనుక్కోండి.

కొండారెడ్డి_బురుజు

తేమ ఎందుకు నిలవడం లేదో లెక్క వేసి చూస్తే ఏం మార్చాలో తేలిపోతుంది.

ఘనపు మీటరు గాలి పట్టగల నీటి ఆవిరి 28 డిగ్రీల దగ్గర సుమారు 27 గ్రాములు, 32 దగ్గర 34, 40 దగ్గర 51. ఏప్రిల్ మధ్యాహ్నం బయట 40 డిగ్రీలు, 20 శాతం తేమ అనుకుందాం. ఆ గాలిలో ఉన్నది 10 గ్రాములు. అదే గాలి మీ ట్యాంక్ చల్ల వైపుకు వచ్చి 28కి చల్లబడితే 37 శాతం. బల్బు కింద 32కి వేడెక్కితే 30 శాతం. మీ మీటరు చూపిస్తున్నది ఇదే. అంటే ట్యాంక్‌లో ఉన్నది దాని సొంత గాలి కాదు, గది గాలే. జాలీ మూత ఉన్నంతకాలం అంతే.

ఇంకో లెక్క. మీ ట్యాంక్ ఘనపరిమాణం 182 లీటర్లు. 28 డిగ్రీల దగ్గర 65 శాతం తేమకు ఆ గాలిలో ఉండాల్సిన నీరు మూడు గ్రాముల పైచిలుకు. అర చెంచా నీళ్లు! స్ప్రే కొట్టగానే 80కి ఎగరడం, గంటలో దిగిపోవడం అందుకే. బల్బు వేడికి గాలి పైకి లేచి జాలీ గుండా పోతుంది, ఫ్యాన్ దాన్ని లాక్కుపోతుంది. ఎన్నిసార్లు స్ప్రే కొట్టినా ఇదే జరుగుతుంది. చేయాల్సింది రెండే: గాలి పోయే దారి తగ్గించడం, మెల్లగా ఆవిరి ఇచ్చే నీటి నిల్వ అడుగున పెట్టడం.

మూత. జాలీలో మూడొంతులు పైన మూసేయండి. 3 మిల్లీమీటర్ల యాక్రిలిక్ లేదా పాలీకార్బొనేట్ షీటు సైన్‌బోర్డులు చేసే దుకాణంలో కొలత ఇస్తే కోసిస్తారు. బల్బు చుట్టూ పది సెంటీమీటర్లు ఖాళీ వదలండి, దగ్గరైతే యాక్రిలిక్ వంగిపోతుంది. బల్బుకు ఎదురు చివర రెండు మూడు సెంటీమీటర్ల సందు ఒకటి గాలికి ఉండాలి. పూర్తిగా మూసేయడం తప్పు, ఎందుకో గండికోట గారు చెబితే బాగుంటుంది. ఫ్యాన్ నేరుగా మూత మీద కొట్టకుండా ట్యాంక్‌ను గది మూలకు జరపండి. ఏసీ గాలి కూడా తగలకూడదు.

అడుగు. యాస్పెన్ తీసేయండి. అది నీరు పట్టదు, తడిపితే మూడో రోజుకు బూజు. కొబ్బరి పీచు ముక్కలు రెండు వంతులు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) ఒక వంతు కలిపి 8 సెంటీమీటర్ల మందాన పరచండి. మీ ట్యాంక్‌కు 32 లీటర్లు పడుతుంది. 650 గ్రాముల కోకోపీట్ ఇటుక నాలుగు లీటర్ల నీళ్లలో నానితే ఎనిమిది, తొమ్మిది లీటర్లు అవుతుంది. మీకు ఇటుకలు ఒకటిన్నర చాలు, మిగతాది పీచు ముక్కలు. పిడికిట పట్టి గట్టిగా పిసికితే ఒకటి రెండు చుక్కలు రాలాలి. ధారగా కారితే ఎక్కువైనట్టు, బయట ఆరబెట్టాకే వేయండి.

తర్వాత నీళ్లు పై నుంచి చల్లవద్దు. నాలుగు మూలల్లో గాజు వెంబడి అడుగుకు దిగేట్టు పోయండి. మీ ట్యాంక్‌కు వేసవిలో వారానికి లీటరు నుంచి లీటరున్నర పట్టవచ్చు, రెండు మూడు విడతలుగా. అడుగు తడిగా, పై రెండు సెంటీమీటర్లు వేలికి పొడిగా తగలాలి. పాము పడుకునేది పొడి మీద, పీల్చేది తేమ గాలి. ఈ ఒక్కటి కుదిరితే మిగతా పని తేలిక.

నీళ్ల గిన్నె పెద్దది, పాము మొత్తం చుట్టుకుని పట్టేంతది పెట్టి, మధ్యకు జరపండి. వేడికి దగ్గరైతే ఆవిరి ఎక్కువ.

ఒక హెచ్చరిక. ఇంత మందం పరిచాక ట్యాంక్ అడుగున హీట్ మ్యాట్ పెట్టాలని ఎవరైనా చెబితే వినవద్దు. తడి పీచు వేడిని పైకి రానివ్వదు, గాజు మాత్రం కాలిపోతూ ఉంటుంది. పాము తవ్వుకుంటూ దిగి ఆ గాజు మీద పడుకుంటే పొట్ట కాలుతుంది. మ్యాట్ వాడాలంటే పక్క గోడకు, థర్మోస్టాట్‌తో. మీ బల్బుకు కూడా డిమ్మర్ చాలదు. కరెంటు పోయి ఏసీ ఆగిన మధ్యాహ్నం గది 36కి చేరుతుంది, కరెంటు వచ్చాక ఏసీ మళ్లీ అందుకోకపోతే డిమ్మర్ ఆ సంగతి చూసుకోదు, బల్బు వెలుగుతూనే ఉంటుంది. థర్మోస్టాట్ ఆపేస్తుంది. దాని ప్రోబ్ (వేడిని కొలిచే తీగ కొస) వేడి వైపు, నేల మట్టంలో, 32 మీద.

పెన్నాతీరం

అన్నా, బురుజన్న చెప్పిందాంట్లో తప్పు పట్టేదేం లేదు. మన ఊరి సంగతులు కొన్ని కలుపుతా.

పొట్టు గురించి. అనంతపురంలో చెనిక్కాయ పొట్టు ఊరికే దొరుకుతాది కదా అని చాలామంది అడుగుతాంటారు. వద్దేవద్దు. దాని మీద ఆస్పర్జిల్లస్ బూజు సిద్ధంగా ఉంటాది, తడి తగిలిందంటే లేస్తాది, ఆ బూజు గాలి పాము ఊపిరితిత్తులకు చేటు. అంచులు కూడా గరుకు. వరి ఊక దుమ్ము. సామిల్లు రంపపు పొట్టు ఏ చెట్టుదో తెలీదు, దేవదారు కలిసిందంటే అది పాములకు విషమే. కొబ్బరి పీచు ఒకటే నమ్మకం. నర్సరీలో కొనేటప్పుడు ఎరువు, వేపపిండి కలపని వట్టి కోకోపీట్ అని అడిగి తీసుకో. ఉప్పు ఉంటాది, రెండుసార్లు నీళ్లలో నానబెట్టి గుడ్డలో పిండి పారబోసి వాడు.

నీళ్లు. మన బోరు నీళ్లలో సున్నం, ఫ్లోరైడ్ రెండూ ఎక్కువ. వారం వారం ఆ నీళ్లే పోస్తాంటే ఆవిరయ్యేది నీరు, మిగిలేది ఉప్పు, పీచు మీద తెల్లగా పేరుకుంటాది. ఆర్వో నీళ్లు వాడు, తాగేదానికీ అవే పెట్టు.

ఇంక ఫాగర్. కొనొద్దు. బోరు నీళ్లు పోస్తే ఆ సున్నమంతా సన్న పొడిగా గాల్లోకి లేస్తాది, గాజంతా తెలుపు, పాము పీల్చేదీ అదే. ట్యాంకీ కడగకుండా వారం పెట్టినావంటే అందులో పెరిగిన బ్యాక్టీరియాను కూడా ఊదుతాది. పైగా పొగమంచు పై పొరను తడిపేస్తాది, మనకు కావాల్సింది పై పొర పొడి.

ఏసీ బదులు కూలర్ పెట్టుకోగలవా చూడు. ఏసీ గదిలోకి నీటిని కలపదు, ఉన్నదాంట్లో కొంత బయటికి పంపుతాది. కూలర్ గడ్డిలోంచి వచ్చే గాలి తేమతోనే వస్తాది, మన పొడి ఎండకు గది 29–30కి దిగి తేమ 55–60 అందుతాది. కిటికీ ఒకటి తీసిపెట్టాల, గాలి ట్యాంక్ మీదికి కొట్టగూడదు, కూలర్ నీళ్లు రెండు మూడు దినాలకొకసారి మార్చాల. సెప్టెంబర్ వానల్లో మాత్రం కూలర్ ఆపేయ్, అప్పుడు ట్యాంక్ 85 దాటుతాది. జూన్, జూలై ఇంకో రకం. ఆకాశంలో మబ్బు ఉంటాది, వాన ఉండదు, గాలి మాత్రం ఇరవైనాలుగ్గంటలూ కొడతాంటాది. మబ్బు చూసి నీళ్లు తగ్గించినావంటే మోసపోతావు, ఆ గాలికి ట్యాంక్ ఏప్రిల్ కంటే తొందరగా ఆరిపోతాది.

చవకలో ఇంకోటి. కుమ్మరి దగ్గర మెరుగు పెట్టని మట్టి కుండ తీసుకుని, మూతి పక్కన పాము దూరేంత పగలగొట్టి, అంచు గరుకు రాయితో నున్నగా రుద్దు. గంటసేపు నీళ్లలో నానేసి బోర్లించి పెట్టు. లోపల బాగా తేమ నిలబడతాది. ఆవిరయ్యేటప్పుడు కుండ చల్లబడతాది కాబట్టి చల్ల వైపు పెట్టొద్దు, మధ్యలో పెట్టు.

గండికోట_గెకో

మూత పూర్తిగా ఎందుకు మూయకూడదో చెప్తాను, ఎందుకంటే పొడిగాలికి భయపడి ఎక్కువమంది రెండో వైపు పడిపోతారు. నిలవ గాలి, 25కి దిగిన చల్లదనం, ఎప్పుడూ తడిసిన నేల, ఈ మూడూ కలిస్తే రెండు జబ్బులు. ఒకటి పొట్ట పొలుసులు ఎర్రబడి, గోధుమరంగుకు తిరిగి, నీటి పొక్కులు లేవడం. రెండోది ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్: ముక్కు దగ్గర బుడగలు, ఊపిరి తీస్తే చిటపట శబ్దం, తల పైకెత్తి నోరు తెరిచి ఉండటం. ఇవి కనిపిస్తే ఇంట్లో చిట్కాలు పనికిరావు, యాంటీబయోటిక్ కావాలి, ఆలస్యం చేస్తే పోతుంది. కుబుసం ముక్కలుగా రావడం దీనితో పోలిస్తే చిన్న సమస్య.

అందుకే 65 దగ్గర నిలిపి, కుబుసం సమయంలో 70–75కి తేవడం చాలు. 90 అక్కర్లేదు. గాజు లోపలి వైపు నీటి చుక్కలు పొద్దున కాసేపు కనిపించి పోతే మంచిదే, రోజంతా ఉంటే గాలి సందు పెంచండి.

కుండ కంటే నాకు మూతపెట్టెలో స్ఫాగ్నమ్ మాస్ (నీరు పట్టి ఉంచే నాచు) నచ్చుతుంది, ఎందుకంటే కడగడం తేలిక. పాము చుట్టుకుంటే ఒంటికి గోడలు తగిలేంత చిన్న డబ్బా, పక్కన ఐదు సెంటీమీటర్ల రంధ్రం, అంచు కొవ్వొత్తి మీద కాల్చిన చెంచాతో ఒత్తి నున్నగా చేయాలి. ఆర్కిడ్ మొక్కలు అమ్మేవాళ్ల దగ్గర దొరికే మాస్ నానబెట్టి, ఇక పిండలేం అన్నంత పిండి సగం నింపండి. వారానికి ఒకసారి మాస్ మార్చండి, పాము అందులో మలం వేస్తే ఆ రోజే.

మీ ముల్లు హైగ్రోమీటర్‌ను నమ్మకండి, 10–15 శాతం తేడా చూపించడం వాటికి మామూలు. ప్రోబ్ ఉన్న డిజిటల్ది తీసుకోండి, దాన్ని కూడా పరీక్షించాకే నమ్మండి. సీసా మూతలో చెంచా ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేట్టు కొన్ని చుక్కల నీళ్లు కలపండి, కరిగిపోకూడదు. దాన్నీ మీటర్‌నూ ఒకే జిప్ కవర్‌లో పెట్టి, తడి తగలకుండా, రాత్రంతా వదిలేయండి. తడి ఉప్పు పైన గాలి తేమ 75 శాతం దగ్గర ఆగుతుంది, మన గదుల వేడిలో అది దాదాపు మారదు. మీటర్ 70 చూపిస్తే ప్రతి రీడింగ్‌కూ 5 కలుపుకోండి. ప్రోబ్ చల్ల వైపు, నేలకు రెండు సెంటీమీటర్ల పైన. మూతకు దగ్గర పెట్టిన ప్రోబ్ పాము పీల్చే గాలిని కొలవదు.

హంద్రీ_ఒడ్డు

కర్నూలు నుంచి. ఈ అంకెలు కార్న్ స్నేక్‌కు కూడా వర్తిస్తాయా? నాది 120 సెంటీమీటర్ల టబ్, యాస్పెన్ మీదే ఉంది, తేమ 40 చుట్టూ.

కొండారెడ్డి_బురుజు

వర్తించవు. కార్న్ స్నేక్ అమెరికా ఆగ్నేయ భాగానిది, 45–55 దానికి చాలు, యాస్పెన్ ఉంచుకోవచ్చు. కుబుసం రోజులకు మాత్రం మాస్ డబ్బా ఒకటి తప్పనిసరి. ఏడాది పొడుగునా 75లో పెడితే దానికే పొట్ట పొక్కులు. టబ్ కాబట్టి మీరు తేమను అదుపు చేయాల్సింది గాలి రంధ్రాలతోనే: వేసవిలో సగం టేపుతో మూసి, వానల్లో విప్పేయండి.

ఎలాగూ కొత్తవాళ్లు చదువుతారు కాబట్టి ఒక మాట. ఇక్కడ మాట్లాడేదంతా విదేశీ జాతుల గురించే. మన పాములను, అది రెండుతలల పామైనా జెర్రిపోతైనా, పట్టి పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. బాల్ పైథాన్ సైటిస్ (వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారంపై ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది, 2024 నిబంధనల ప్రకారం దాన్ని పరివేష్‌లో నమోదు చేయాలి.

అనంత_సీమ

అందరికీ చాలా థాంక్స్. తువ్వాలు పద్ధతికి తోక పొర వచ్చేసింది, కింద రంగు మామూలుగానే ఉంది. ముక్కల్లో కంటి పొర ఒకటే దొరికింది, కాబట్టి కంటిని ముట్టుకోవడం లేదు. షీటుకు, పీచుకు చెప్పాను. చివరిగా ఒకటి: వచ్చే కుబుసానికి తేమను ఎప్పటినుంచి పెంచాలి? కళ్లు తెల్లబడ్డాకా, ముందేనా?

గండికోట_గెకో

ముందే. మొదటి గుర్తు పొట్ట లేత గులాబీ రంగుకు తిరగడం, ఒంటి మీద మచ్చలు వెలిసినట్టు కనిపించడం. ఆ రోజు నుంచే 70కి తెండి. రెండు మూడు రోజుల్లో కళ్లు పాలనీలం అవుతాయి, అంటే పాత పొరకూ కొత్త పొరకూ మధ్య ద్రవం చేరిందన్నమాట, రెండింటినీ విడదీసేది అదే. మరో మూడు నాలుగు రోజులకు కళ్లు మళ్లీ తేటపడతాయి. కుబుసం అయిపోయిందనుకుని చాలామంది ఇక్కడే నీళ్లు తగ్గిస్తారు. అసలు ప్రమాదం ఈ రోజుల్లోనే. లోపల పొరలు విడిపోయి ఉన్నాయి, ఇంకా ఊడలేదు, ఇప్పుడు గాలి పొడిగా ఉంటే పై పొర ఎండి కొత్త చర్మానికి అంటుకుంటుంది. తేటపడ్డాక మూడు నుంచి ఐదు రోజుల్లో విడుస్తుంది. మొదటి గుర్తు నుంచి మొత్తం ఎనిమిది నుంచి పన్నెండు రోజులు.

ఆ రోజుల్లో చేతిలోకి తీసుకోవద్దు, ఎలుక వేయొద్దు. కళ్లు కనిపించక బెదిరి ఉంటుంది, చాలావరకు తినదు కూడా. ముక్కు రుద్దుకోవడానికి గరుకుగా ఉండే చెక్కో, రాయో ఒకటి లోపల ఉండాలి, నున్నని గాజు మధ్య మొదటి చీలిక పడదు.

పెన్నాతీరం

ఇంకోటి చూసుకో అన్నా. తేమ అంతా సరిగ్గా ఉండి కూడా ముక్కలుగా వస్తే పాము ఒంటి మీద పురుగు (మైట్లు) ఉందేమో చూడాల. గడ్డం కింద మడతలో, కంటి గుంట చుట్టూ ఆవగింజలో సగం ఉండే నల్ల చుక్కలు, నీళ్ల గిన్నె అడుగున మునిగి చచ్చిన చుక్కలు. పాము రోజంతా గిన్నెలోనే పడుకుంటుందంటే అనుమానించు. తెల్ల కాగితం గుడ్డ తడిపి ఒంటి మీద తుడిచి చూడు, చుక్కలు అంటుకుంటే పురుగే. అప్పుడు పీచు అంతా సంచిలో కట్టి పారేయాల, పురుగు పోయేదాకా వట్టి టిష్యూ కాగితం మీదే ఉంచాల, తేమకు మాస్ డబ్బా ఒకటే పెట్టి ఆ మాస్ కూడా దినామూ మార్చాల.

కొండారెడ్డి_బురుజు

పీచు వేశాక మొదటి నాలుగు రోజులు ఉదయం 7కు, మధ్యాహ్నం 3కు, రాత్రి 10కి రీడింగ్ రాసుకుని ఇక్కడ పెట్టండి. మూడు గంటల అంకె 55 కంటే తక్కువ ఉంటే మూత సందు ఒక సెంటీమీటరు తగ్గించండి, నీళ్లు పెంచకండి. రాత్రి అంకె 85 దాటితే సందు పెంచండి. సందుతో కుదరకపోతే అప్పుడు నీళ్ల సంగతి చూద్దాం.